లెక్క చెప్పని దొరతనము

ప్రభుత్వము పనిచేయుచుండగా లెక్కలడుగుట పనిలేనివారి పని యను అభిప్రాయ మొకటి మన దేశములో ఈ పదేండ్లుగా బలపడినది. రోడ్లు పడుచున్నవి, కొత్త రైళ్లు నడుచుచున్నవి, బియ్యము ఉచితముగా అందుచున్నది, బ్యాంకు ఖాతాలో నేరుగా సొమ్ము పడుచున్నది; ఇక జనగణన ఆరేండ్లు ఆలస్యమైన నేమి, నిరుద్యోగ నివేదిక యొకటి కొన్ని నెలలు సొరుగులో నున్న నేమి, కుటుంబ వ్యయముల సర్వే యొకటి వెలుగు చూడకున్న నేమి, అవి అర్థశాస్త్రవేత్తలకు కావలసిన సరుకేగాని సామాన్యునకు వానితో నిమిత్తమేమి యని విద్యావంతులు సైతము అడుగుచున్నారు. ఈ మాట అధికారపక్షమువారు మాత్రమే అన్నచో సమాధానము వ్రాయవలసిన అగత్యము లేకుండెడిది. రాజకీయములతో సంబంధము లేని ఉద్యోగులు, వర్తకులు, అధ్యాపకులు కూడ దీనిని లోకజ్ఞానముగా పలుకుచున్నందున, లెక్క ఆలస్యమగుటలోనే ఎవరికి తిండి దక్కవలెను, ఎవరికి దక్కరాదు అను నిర్ణయము సద్దు లేకుండ జరిగిపోవుచున్నదని చూపుట అవసరమైనది.

మొదట బియ్యము సంగతి చూతము. ఏలననగా ప్రభుత్వమును మెచ్చుకొనువారు మొదట చూపునది అదియే. 2013లో పార్లమెంటు చేసిన జాతీయ ఆహార భద్రతా చట్టము గ్రామీణులలో నూటికి 75 మందికి, పట్టణవాసులలో నూటికి 50 మందికి మించకుండ చౌకధాన్యము పొందు హక్కు కల్పించినది. ఆ నిష్పత్తిని ఏ జనసంఖ్యమీద కట్టవలెనో చట్టములోని 9వ సెక్షను చెప్పుచున్నది: ప్రచురింపబడిన జనగణన అంకెలమీద. చట్టము పుట్టినప్పుడు చేతిలోనున్నది 2011 గణన. నాటి జనాభా 121 కోట్లు. దానినిబట్టి తేలిన లబ్ధిదారుల గరిష్ఠసంఖ్య 81.35 కోట్లు. నేడు దేశ జనాభా 140 కోట్లు దాటినదని ఎల్లరు నెరుగుదురు. రమారమి మూడింట రెండువంతులని లెక్కవేసినను 93 కోట్లమందికి ధాన్యము రావలెను. మధ్యనున్న పండ్రెండుకోట్లమంది చట్టము ఇచ్చిన హక్కును జనగణన జరుగకపోవుటచేతనే కోలుపోయినారు. ఎనుబదికోట్లమందికి ఉచితముగా అన్నము పెట్టుచున్నామని వేదికలమీద వినిపించు ఆ సంఖ్య చట్టము పుట్టిననాటినుండి నేటివరకు కదలకుండ నున్నదే, అది ఔదార్యమునకు కొలత కాదు. లెక్క ఆగిపోయిన చోటును చూపు గుర్తు. పరిమితిని సవరించుట వచ్చు జనగణన అంకెలు ప్రచురితమైన తరువాతనే సాధ్యమని కేంద్రమంత్రులే పార్లమెంటులో చెప్పినారు. గణన జరుపవలసినది ఎవరు? ఆ మాట చెప్పిన ప్రభుత్వమే.

హైదరాబాదు పడమటి శివారులలో, కోకాపేట ప్రాంతమున, ఆకాశమంటు మేడలు కట్టు కూలీలలో బీహారు, ఒడిశా, ఝార్ఖండ్ రాష్ట్రములవారు మెండు. ఒకే దేశము, ఒకే రేషన్ కార్డు అను పథకము క్రింద వారు సొంతయూరి కార్డుతో ఇచ్చటి చౌక ధరల దుకాణములో బియ్యము తెచ్చుకొనవచ్చును. మంచి పథకమే, కాదనుట లేదు. కాని డీలరు ఈ-పాస్ యంత్రముమీద వేలిముద్ర వేయించినప్పుడు తెరమీద తేలునవి కార్డులో నెక్కిన పేర్లు మాత్రమే. తల్లి చంకనున్న పిల్లవాడు, ఆమె కొంగు పట్టుకొని నిలుచున్న ఏడేండ్ల పిల్ల పేరు కార్డులో ఎక్కలేదనుకొనుడు. వారి రాష్ట్రమునకు కేంద్రము ఇచ్చిన కోటా ఏనాడో నిండిపోయినది, ఎవరో చనిపోయియో కార్డు రద్దయియో ఖాళీ ఏర్పడినగాని కొత్త పేరు ఎక్కదు. తూకములో తేడా వచ్చినచో డీలరుతో పోట్లాడవచ్చును; యూనిట్టే లేనప్పుడు ఎవరితో పోట్లాడుట? తెలుగు రాష్ట్రములు రెండును కేంద్రపు పరిమితికి మించిన కార్డుదారులకు సొంత ఖజానానుండి బియ్యమిచ్చుచున్నవి గనుక ఈ కొరత మన కంటికి అంతగా కనబడదు. ఖజానా వట్టిపోయిన రాష్ట్రములలో అది కడుపునకు తెలియును.

కోవిడ్ మహమ్మారి వచ్చినది గదా, గణన ఎట్లు జరుపుదురను ఆక్షేపము సహజమే. 2020 ఏప్రిలులో మొదలు కావలసిన గృహగణనను ఆపుట న్యాయమే, దానికెవరును తప్పుపట్టలేదు. కాని అదే 2020 చివర బీహారు శాసనసభకు ఎన్నికలు జరిగినవి. 2021 వసంతమున పశ్చిమ బెంగాలులో ఎనిమిది విడతల పోలింగు జరిగినది, హరిద్వారమున కుంభమేళా జరిగినది. నేపాలు 2021లోను, బంగ్లాదేశము 2022లోను తమ గణనలు ముగించుకొన్నవి. చైనా 2020లోనే ముగించినది. మన పూర్వచరిత్ర చూచినను, 1881 మొదలు పదేండ్లకొకసారి తప్పక జరిగిన ఈ కార్యము 1941లో ప్రపంచయుద్ధము నడుమ కూడ ఆగలేదు. పట్టికలు కుదించినారేగాని జనులను లెక్కించుట మానలేదు. 1971లో లోక్‌సభ మధ్యంతర ఎన్నికలు అడ్డువచ్చినందున ప్రమాణ తేదీని ఏప్రిల్ 1కి జరిపి పని పూర్తిచేసినారు. ఒక నెల జరుపుటకును, ఆరేండ్లు జరుపుటకును నడుమనున్న అంతరమును మహమ్మారి యను ఒక్కమాట పూడ్చజాలదు. జిల్లాల, మండలముల సరిహద్దులను స్థిరపరచవలసిన గడువును మాత్రము 2024 జూన్ వరకు మాటిమాటికి పొడిగించుచు వచ్చినారు. డబ్బు లేక కాదు: 2019 డిసెంబరులోనే కేంద్ర మంత్రివర్గము జనగణనకు 8,754 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అదే సమావేశమున జాతీయ జనాభా పట్టికకు 3,941 కోట్లు కేటాయించి, వట్టి లెక్కగా నుండవలసినదానిని పౌరసత్వ వివాదముతో ముడిపెట్టి, గణకుడు తలుపు తట్టగనే ఇంటివారు అనుమానముతో చూచు పరిస్థితిని కొనితెచ్చినారు. 1948 జనగణన చట్టములోని 15వ సెక్షను గణకుడు వ్రాసుకొన్న వివరమును, ఆ చట్టము క్రింది నేరవిచారణలో దప్ప, ఏ న్యాయస్థానమునను సాక్ష్యముగా చెల్లకుండ కాపాడుచున్నది. డెబ్బదియేండ్లు నిలిచిన ఆ నమ్మకమును సడలించుట ఎంత సులభమో, మరల కట్టుట అంత కష్టము.

ఇంతలో ఢిల్లీలో ఆగకుండ సాగిన పని యొకటి కలదు. నూతన పార్లమెంటు భవనమునకు 2020 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది, 2023 మే 28న ప్రారంభోత్సవము జరిగినది. అందులోని లోక్‌సభా మందిరమున 888 ఆసనములున్నవి. ప్రతినిధులకు కుర్చీలు ముందు సిద్ధమైనవి. వారు ప్రాతినిధ్యము వహింపవలసిన జనులను లెక్కపెట్టుట తరువాతి మాట అయినది. ప్రభుత్వమునకు ఏది ముందు, ఏది వెనుక అని అడుగువారికి ఇంతకన్న విశదమైన సమాధానము దొరకదు.

ఆ కుర్చీల సంగతి తెలుగువారికి మరింత దగ్గరిది. లోక్‌సభ స్థానముల పంపకము నేటికిని 1971 జనాభామీదనే నిలిచియున్నది. 2026 తరువాత జరుగు మొదటి గణన అంకెలు వెలువడువరకు దానిని మార్పరాదని 2001లో చేసిన 84వ రాజ్యాంగ సవరణ కట్టడిచేసినది. 2021లో గణన సకాలమున జరిగియుండినచో తరువాతి గణన 2031లో వచ్చెడిది. నియోజకవర్గముల పునర్విభజన ఆ పిమ్మటి ముచ్చట యయ్యెడిది. గణన వాయిదాపడి వాయిదాపడి 2027 మార్చి 1కి చేరుటచే, అదియే 2026 తరువాతి మొదటి గణన యైనది. ఆంధ్రప్రదేశమునకు 25, తెలంగాణమునకు 17 స్థానములున్నవి. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా పాటించినందుకు ఈ నలుబదిరెంటి పలుకుబడి పలుచబడునేమో యను చింత మనకు మరియొక నాలుగైదేండ్లు ముందుగా వచ్చి కూర్చున్నది. ఇది ఉద్దేశపూర్వకముగా చేసినదని నేననను. ఉద్దేశములకు సాక్ష్యము నాకడ లేదు. కాని ఒక కార్యాలయపు ఆలస్యము రాజ్యాంగ నిబంధన ఫలితమునే మార్చివేసినప్పుడు, ఆలస్యము చిన్న విషయమని చెప్పువారు ఏ కొలతతో కొలిచి చెప్పుచున్నారో తెలియదు. 2023లో ఆర్భాటముగా ఆమోదించిన మహిళా రిజర్వేషను చట్టమును సైతము రాబోవు గణనకును, తదనంతర పునర్విభజనకును కట్టివేసినారు గదా!

ఇక నమూనా సర్వేల కథ. 1950లో మహలనోబిస్ పూనికపై ఆరంభమైన జాతీయ నమూనా సర్వే ప్రపంచమంతయు మెచ్చిన సంస్థ. అందులోని క్షేత్రోద్యోగి యిల్లాలి యెదుట కూర్చుండి, గత ముప్పదిదినములలో ఇంట ఎంత కందిపప్పు ఉడికినది, ఎంత నూనె కొన్నారు, అగ్గిపెట్టెకెంత, బస్సుకెంత యని మూడువందలకు మించిన పద్దులను ఓపికతో అడిగి వ్రాసికొనును. లక్షకు పైబడిన కుటుంబములనుండి అట్లు సేకరించిన దానినుండియే దేశములో పేదలెందరో, జీవనవ్యయపు సూచీలో తిండికెంత పాలు ఇయ్యవలెనో తేలును. 2017-18లో ఈ సర్వే జరిగినది. పత్రికలకు పొక్కిన నివేదిక ప్రకారము ధరల పెరుగుదలను తీసివేసి చూడగా తలసరి నెలవ్యయము 2011-12లో 1,501 రూపాయలుండినది 2017-18 నాటికి 1,446కు దిగినది. నాలుగు దశాబ్దములలో కనివిని యెరుగని ఈ తగ్గుదల పెద్దనోట్ల రద్దు వెనువెంటనే వచ్చినది. 2019 నవంబరులో ప్రభుత్వము ఆ సర్వేలోని దత్తాంశముల నాణ్యత బాగుగ లేదని చెప్పి నివేదికను ప్రచురింపబోమని ప్రకటించినది.

నాణ్యత బాగులేనిచో తీసివేయుట తప్పా యని సమర్థకులు ప్రశ్నింతురు. ఇది వినుటకు ఇంపుగ నున్న వాదము గనుక నిలిచి విచారింపవలెను. సర్వేలలో లోపములుండును, సంపన్నులు తలుపు తీయరు, తీసినను నిజము చెప్పరు, జాతీయాదాయపు లెక్కలకును, సర్వే లెక్కలకును పొంతన కుదరకపోవుట దశాబ్దములుగ పండితులెరిగిన చిక్కు. ఆ చిక్కు ప్రతి సర్వేలోను ఉండినది, ప్రతి సర్వే ప్రచురితమైనది. 2009-10లో ఉపాధి సర్వే నాటి ప్రభుత్వమునకు రుచింపలేదు. అది కరవు సంవత్సరము, ఫలితములు ప్రమాణము కావని నాటి ప్రణాళికా సంఘము పెద్దలు సణిగిరి. సణిగియు నివేదికను ప్రచురించిరి. ప్రచురించి, 2011-12లో మరల సర్వే చేయించిరి. అందరు పాలకులు నొక్కటే యని సరిపెట్టువారు ఈ రెండు నడవడులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. పాలకులకు అంకెలు నచ్చకపోవుట ఎన్నడు నున్నదే. నచ్చని అంకెను పాతిపెట్టు అధికారము తమకున్నదని భావించుట మాత్రము కొత్తది. లోపమున్నదనుకొన్నచో లోపముతోకూడ ప్రచురించి, దోషమెక్కడనో చూపవలసినది. పండితులు పరీక్షించి తేల్చెడివారు. సర్వేను చీకటిలో నుంచి, దానిని చూడనివారితో అది చెడ్డదని నమ్మించుట శాస్త్రము కాదు.

ఉద్యోగముల సర్వేకు పట్టిన గతియు నిట్టిదే. 2017-18లో నిరుద్యోగము 6.1 శాతమున్నదని, నలుబదియైదేండ్లలో అంత హెచ్చు లేదని తేలిన నివేదికను జాతీయ గణాంక సంఘము 2018 డిసెంబరులో ఆమోదించినను ప్రభుత్వము విడుదల చేయలేదు. 2019 జనవరిలో సంఘపు తాత్కాలికాధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేసిరి. పత్రికలో అంకె వెలువడగా అది చిత్తుప్రతి యని నీతి ఆయోగ్ వారు చెప్పిరి. ఎన్నికలు ముగిసి, కొత్త మంత్రివర్గము ప్రమాణస్వీకారము చేసిన మరునాడు, 2019 మే 31న, చిత్తుప్రతి యనబడినదానిలోని ఆ 6.1 శాతమే అధికారికమైనది. చిత్తులో నేమియు చెడలేదు, చెడినది ముహూర్తము.

ఇందులో నన్ను మిక్కిలి కలచివైచిన అంశ మింకొకటి కలదు. సర్వేలను నమ్మరాదని చెప్పు ఆ ప్రభుత్వ వ్యవస్థయే 2024 జనవరిలో, తొమ్మిదేండ్లలో 24.82 కోట్లమంది బహుముఖ దారిద్ర్యమునుండి బయటపడినారని ప్రకటించినది. ఆ అంకె ఎట్లు వచ్చినది? కుటుంబ ఆరోగ్య సర్వేలు జరిగినవి 2005-06లోను, 2015-16లోను, 2019-21లోను. 2013-14కు గాని, 2022-23కు గాని సర్వే లేదు. ఉన్న సర్వేల నడుమ గీత గీసి, ఆ గీతను ముందుకు పొడిగించి, లేని సంవత్సరములకు అంకెలు పుట్టించినారు. పేదరికము తగ్గియుండవచ్చును, బహుశః తగ్గినది కూడను. నా తగాదా దానితో కాదు. జరిగిన సర్వే చేదుగానున్నచో పనికిరాదు, జరుగని సర్వే తీయగానున్నచో ప్రమాణము అను ఈ రీతితోనే తగాదా. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేయే దేశమంతట బహిరంగ మలవిసర్జన తొలగిపోయినదన్న 2019 నాటి ప్రకటనకు భిన్నముగా నూటికి 19 కుటుంబములు మరుగుదొడ్డిని వాడుట లేదని చెప్పినది. ఆ సర్వే నిర్వహించిన ముంబయి సంస్థ సంచాలకుని 2023 జూలైలో సస్పెండు చేసినారు. నియామకములలో అక్రమములే కారణమని ప్రభుత్వము చెప్పినది, కావచ్చును. అయినను, ఆ వార్త చదివిన క్షేత్రోద్యోగి మరునాడు ఇంటింటికి పోయి మరుగుదొడ్డి సంగతి అడుగునప్పుడు కలము ఏ వైపునకు మొగ్గునో ఊహించుట కష్టము కాదు.

చావుల లెక్కను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020-21లలో భారతదేశమున మహమ్మారి కారణముగా 47 లక్షల అదనపు మరణములు సంభవించినవని అంచనా వేయగా, మన ప్రభుత్వము నమూనా గణితమును ఆక్షేపించి, జనన మరణముల నమోదే నమ్మదగినదని వాదించినది. 2020 నమోదు అంకెలను రెండురోజులు ముందుగా హుటాహుటి విడుదల చేసినది. కాని మృత్యువు తాండవించినది 2021లో. ఆ సంవత్సరపు అంకెలు 2025 మేలోగాని వెలువడలేదు. 2020లో 81 లక్షలున్న నమోదిత మరణములు 2021లో ఒక కోటి రెండు లక్షలైనవి. ఆ యేట కోవిడ్ మరణములుగా ప్రభుత్వము లెక్కించినవి మూడు లక్షల ముప్పదివేలు. పెరుగుదలలో కొంత నమోదు మెరుగుపడుటచే వచ్చినదనుకొన్నను, మిగిలిన తేడా ఎంతటిదో తెలుపుటకు గణితవేత్త అక్కరలేదు. కోవిడ్ అని ధ్రువపత్రములో వ్రాయబడనందున పరిహారము అందని కుటుంబములకు ఈ తేడాయే బ్రతుకు.

ఇప్పుడు నవనాగరకులు చెప్పు వాదమొకటి మిగిలినది. ఆధార్ కలదు, జీఎస్టీ కలదు, భవిష్యనిధి ఖాతాలు కలవు, ఫోనుద్వారా చెల్లింపుల లెక్క క్షణక్షణము తెలియుచున్నది. కాగితము పట్టుకొని ఇల్లిల్లు తిరుగు గణకుడెందుకు? ఇది యంత్రముల మహిమను గూర్చిన భ్రమ. భవిష్యనిధిలో కొత్త ఖాతా తెరుచుకొన్నచో ఆ కూలికి పూర్వమునుండియు నున్న ఉద్యోగము పుస్తకముల కెక్కినదో, నిజముగ కొత్త ఉద్యోగము పుట్టినదో ఆ ఖాతా చెప్పదు. జీఎస్టీ కట్టని తోపుడుబండివాడు దాని కగపడడు. పథకపు దస్త్రమునందు పథకము చేరినవారే యుందురు; చేరనివారిని వెదకుటకే గదా గణన పుట్టినది! ప్రతియొక్క దస్త్రము తన్నుతాను పొగడుకొనుటకు తగినట్లే తయారగును. 2011లో 27 లక్షలమంది ఉద్యోగులు, వారిలో హెచ్చుమంది బడిపంతుళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఫ్లైఓవర్ల క్రింద నిద్రించువారినిసైతము రాత్రివేళ పోయి వ్రాసికొనిరి. ఏ సర్వరులోను ఆ వంతెన క్రింది మనుష్యుడు లేడు.

పైగా కొలతలు పాతబడుటవలన కలుగు నష్టము మధ్యతరగతి యింటిలోనికి కూడ వచ్చినది. 2017-18 సర్వేను పారవేయుటచే వినియోగదారుల ధరల సూచీ 2011-12 నాటి సంసారపు పద్దులమీదనే చాలకాలము నడువవలసి వచ్చినది. అందులో తిండి, పానీయముల వాటా 45.86 శాతముగా నుండెను. ధరల సూచీని చూచియే రిజర్వు బ్యాంకు వడ్డీరేటు నిర్ణయించును. వడ్డీరేటునుబట్టి యింటిఅప్పు కిస్తీ పెరుగును, తగ్గును. ఆ కాలమంతయు టమాటాలు మండినప్పుడెల్ల సూచీ ఎంత ఎగురవలెనో చెప్పినది స్మార్టుఫోను సర్వసామాన్యము కాకమునుపటి కుటుంబపు ఖర్చు! లెక్కలతో సామాన్యునకు నిమిత్తమేమి యని అడుగు ఉద్యోగి ప్రతినెల కట్టు కిస్తీలోనే సమాధానము కలదు.

తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి.ఆర్. రావు గారికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము లభించినప్పుడు దేశమంతయు సంబరపడినది, పాలకులును అభినందించిరి. ఆ యేడే మనము చైనాను మించి ప్రపంచమున అధికజనులుగల దేశమైనామని ఐక్యరాజ్య సమితి అంచనానుబట్టి తెలిసికొన్నాము. మన యింటి మనుష్యుల సంఖ్యను పొరుగువారు చెప్పగా వినుటకు సిగ్గుపడినవారు నాకు అంతగా తారసపడలేదు.

ఈ వ్యాధి మనకు మాత్రమే పరిమితము కాదు. ఉద్యోగముల అంకెలు నచ్చలేదని 2025 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కార్మిక గణాంకసంస్థ అధిపతిని ఆ దినముననే తొలగించినాడు. కాని అచ్చట తొలగింపు బహిరంగముగా జరిగినది, అంకె బయటనే యున్నది. ఇచ్చట మనుష్యుడు కుర్చీలో నుండగనే అంకె మాయమగును. దీనికి కారణము వ్యక్తుల దుర్మార్గము కన్న వ్యవస్థలోని లోపమే. జాతీయ గణాంక సంఘమును రంగరాజన్ సంఘపు సిఫారసుపై 2005లో ఒక ప్రభుత్వ తీర్మానముతో నెలకొల్పినారు, చట్టబద్ధత నీయలేదు. అది ఆమోదించిన నివేదికను మంత్రిత్వశాఖ ఆపినచో సంఘము చేయగలిగినది రాజీనామా ఒక్కటే. 2019 మేలో నమూనా సర్వే కార్యాలయమును మంత్రిత్వశాఖలోని జాతీయ గణాంక కార్యాలయములో విలీనము చేయుటతో ఆ కొద్దిపాటి ఎడము కూడ పోయినది. బ్రిటనులో 2007 చట్టముతో గణాంకాధికార సంస్థను మంత్రులకు గాక పార్లమెంటుకు జవాబుదారిని చేసినారు. అందుచే అచ్చటి పాలన స్తంభించిపోలేదు.

మన మంత్రిత్వశాఖ సైతము సంఘమునకు చట్టబద్ధత కల్పించు ముసాయిదా బిల్లు నొకదానిని 2019 డిసెంబరులో ప్రజాభిప్రాయమునకై ప్రకటించినది. అభిప్రాయములు వచ్చినవి, బిల్లు మాత్రము పార్లమెంటు గడప తొక్కలేదు. సంఘము ఆమోదించిన నివేదికను ఇన్నిదినములలో సంఘమే నేరుగా ప్రచురింపవలెను, ఏ మంత్రియు ఆపరాదు అను ఒక్క సెక్షనును అందులో చేర్చి దానిని చట్టము చేయుటకు కొత్త భవనము కట్టనక్కరలేదు. 2017-18 వ్యయ సర్వేను దాని లోపములతోసహా ఇప్పటికైనను బయటపెట్టుటకు అదియు నక్కరలేదు. సొరుగు తెరచిన చాలును.